కరెంటులో వాటా ఎవరిది?

మా నాన్న ట్రంకుపెట్టెలో రేషన్ కార్డు, అమ్మ ఆసుపత్రి కాగితాలు, నా పదో తరగతి మార్కుల జాబితాతో పాటు అరచేతిలో సగమంత గేటు పాసు ఒకటి ఉండేది. దాని మీద ఆయన పేరు, మా తాత పేరు, కాంట్రాక్టరు పేరు, ఒక పక్కగా ‘హెల్పర్’ అన్న మాట ఉన్నాయి. ఆయన ఏ విద్యుత్ కేంద్రంలో పనిచేశాడో ఆ కేంద్రం పేరు మాత్రం లేదు. తొంభైల నడుమ గోదావరి తీరాన గ్యాసు విద్యుత్ కేంద్రాలు ఒకదాని వెంట ఒకటి లేస్తున్న రోజులవి. వాటిలో ఒకదాని పేరు ఇక్కడ చెప్పి ప్రయోజనం లేదు. ఆ గేటు పాసు లాంటివి ప్రతి కేంద్రం చుట్టూ ఉన్న పేటల్లో ఇప్పటికీ దొరుకుతాయి.

నాన్న చేసింది లాగింగ్ పని. ఆవిరి గొట్టాలకు వేడి బయటికి పోకుండా గాజు దూది చుట్టి, పైన అల్యూమినియం రేకు బిగించడం. సాయంత్రం కాలువలో ఎంతసేపు స్నానం చేసినా ఒంటి నుంచి ఆ గాజు నూగు వదిలేది కాదు. అమ్మ ఆయన చొక్కాలను మా బట్టలతో కలిపి ఉతికేది కాదు. ఒకరోజు వేడి గొట్టం తగిలి ఆయన ముంజేయి కాలింది. కేంద్రం కార్యాలయానికి వెళితే ‘నువ్వు మా మనిషివి కాదు, కాంట్రాక్టరును అడుగు’ అన్నారు. కాంట్రాక్టరు అప్పటికే మరో సైటుకు వెళ్లిపోయాడు. మేస్త్రీ చేతులెత్తేశాడు. చివరికి వైద్యానికి డబ్బు మా ఊరి కామందు దగ్గర తేవలసి వచ్చింది. ఆ అప్పు తీరడానికి అమ్మా నాన్నా రెండు పంటకాలాలు ఆయన చేలోనే పని చేశారు. ఏ పాలేరుతనం నుంచి తప్పించుకోవాలని నాన్న కరెంటు ప్లాంటు గేటు దాటాడో, ఆ గేటే ఆయనను తిరిగి కామందు గట్టు మీదకు పంపింది.

ఈ సంగతిని నేను చాలాకాలం మా ఇంటి కష్టంగానే తలచాను. విశ్వవిద్యాలయంలో వనరుల రాజకీయం బోధించడం మొదలుపెట్టాక అది ఇంటి కష్టం మాత్రమే కాదని అర్థమైంది. నీరు, భూమి, గ్యాసు, కరెంటు వేర్వేరు వనరులుగా కనిపిస్తాయి. గోదావరి డెల్టాలో వీటి పంపకానికి మాత్రం ఒకే సూత్రం ఉంది. అప్పటికే ఉన్నవాడికే వాటా. ఆ ఉన్నవాడు ఎవరన్న ప్రశ్న వేయగానే చర్చ కులం దగ్గరికి వస్తుంది.

ఈ సూత్రాన్ని చూడాలంటే విజ్జేశ్వరం వెళ్లాలి. నిడదవోలుకు సమీపంలో, గోదావరి కుడి గట్టు మీద ఉన్న ఊరది. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తిచేసిన ఆనకట్టకు ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భుజాలున్నాయి. పశ్చిమ డెల్టాకు నీరు విజ్జేశ్వరం వద్దనే కాలువలో పడుతుంది. ఆ కాలువలు ఉభయగోదావరుల్లో లక్షల ఎకరాలను మాగాణి చేశాయి. కాటన్ విగ్రహానికి పూలదండలు వేయడంలో తప్పు లేదు. అయితే కాలువ నీరు పారింది భూమి ఉన్నవాడి చేలోకి. భూమి లేనివాడికి ఆ నీటి మూలంగా దక్కినవి ఊడ్పులు, కోతలు, కాలువ పూడిక పనులు. ఆయకట్టు అనే మాటలోనే ఈ న్యాయం ఇమిడి ఉంది. నీటి హక్కు మనిషికి కాదు, పొలానికి. పొలం ఎవరి పేర ఉంటే నీరు వారిది.

అదే విజ్జేశ్వరంలో మరో పంపకం 1988లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు, కొన్ని ప్రైవేటు పరిశ్రమలు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్యాస్ పవర్ కార్పొరేషన్ అనే ఉమ్మడి రంగ సంస్థను నెలకొల్పాయి. మొదటి దశలో 100 మెగావాట్లు, రెండో దశలో 172 మెగావాట్లు, మొత్తం 272 మెగావాట్ల సామర్థ్యం. కృష్ణా గోదావరి బేసిన్ సహజవాయువు దాని ఇంధనం. సాంకేతికంగా అది మెచ్చుకోదగ్గ ఏర్పాటే. గ్యాసును మండించి ఒక టర్బైన్ తిప్పుతారు. దాని నుంచి వెలువడే వేడి పొగను వృథాగా వదలకుండా బాయిలర్‌లోకి మళ్లించి ఆవిరి పుట్టించి రెండో టర్బైన్ తిప్పుతారు. బొగ్గు కేంద్రాల కంటే ఇంధనంలోని శక్తి ఎక్కువ భాగం కరెంటుగా మారుతుంది. బూడిద ఉండదు. ఆ పొగలోని వేడిని జారిపోకుండా పట్టి ఉంచేందుకే మా నాన్న వంటివారు గొట్టాలకు గాజు దూది చుట్టారు.

ఆ సంస్థలో ఆలోచించవలసింది యంత్రం గురించి కాదు, పంపకం గురించి. ఎంత మూలధనం పెడితే అంత కరెంటు. భాగస్వామ్య పరిశ్రమలకు తమ షేర్ల నిష్పత్తిలో విద్యుత్తు అందేలా ఏర్పాటు చేశారు. కరెంటును విపరీతంగా తినే పరిశ్రమలకు ఇది వరం. టన్ను ఫెర్రో సిలికాన్ తయారుకావాలంటే 8 వేల యూనిట్లకు పైగా ఖర్చవుతుంది. నెలకు 100 యూనిట్లు వాడే ఇల్లు అంత కరెంటును వాడుకోవడానికి ఆరేళ్లకు పైగా పడుతుంది. టన్ను కాస్టిక్ సోడాకు 2 వేల యూనిట్లు దాటుతాయి. ఇలాంటి కర్మాగారాలకు కరెంటు ధర అంటే లాభనష్టాల సరిహద్దు. కోతలు లేని, సొంత వాటా కరెంటు దొరికితే వారికి అంతకన్నా కావలసింది లేదు. నీటి విషయంలో పొలం ఏ పని చేసిందో, కరెంటు విషయంలో షేరు ఆ పని చేసింది.

ఇందులో కులం ఎక్కడ ఉందని కొందరు అడుగుతారు. మూలధనానికి కులం ఉండదని, లాభనష్టాల లెక్కలకు జంధ్యమూ మొలతాడూ ఉండవని వాదిస్తారు. ఆ మూలధనం ఎక్కడిదో చూస్తే జవాబు దొరుకుతుంది. కోస్తాంధ్ర రైతు పెట్టుబడిదారుల మీద కరోల్ ఉపాధ్య 1988లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం ఈ దారిని స్పష్టంగా చూపింది. కాలువ కింద మిగిలిన వ్యవసాయ మిగులు రైసు మిల్లులుగా, చక్కెర కర్మాగారాలుగా, సినిమాలుగా, కాంట్రాక్టులుగా, ఆపై భారీ పరిశ్రమలుగా మారింది. భూస్వామ్య కులాలకు బంధుత్వం, కట్నం, కుల హాస్టళ్లు, కుల సంఘాలు పెట్టుబడిని పోగుచేసే సాధనాలయ్యాయి. భూమి లేని మాల మాదిగలకు, మత్స్యకారులకు, చేతివృత్తుల వారికి ఆ మెట్లలో మొదటి మెట్టే లేదు. షేరు దరఖాస్తులో కులం గడి ఉండదు నిజమే. ఆ దరఖాస్తు నింపగలిగిన చేతుల వెనుక నూట ముప్పై ఏళ్ల కాలువ నీరుంది.

విజ్జేశ్వరంలో మొదలైన ఈ సూత్రం తరువాత దేశానికంతటికీ చట్టమైంది. 1991లో విద్యుత్ చట్టాలను సవరించి ఉత్పత్తిలోకి ప్రైవేటు పెట్టుబడిని ఆహ్వానించారు. 2003 విద్యుత్ చట్టం సొంత అవసరాల ఉత్పత్తికి తలుపులు బార్లా తెరిచింది. 2005 నియమాల ప్రకారం, వాడకందార్లకు ఒక కేంద్రంలో కనీసం 26 శాతం యాజమాన్యం ఉండి, ఉత్పత్తిలో 51 శాతానికి తగ్గకుండా తామే వాడుకుంటే అది ‘క్యాప్టివ్’ కేంద్రం. అలా సొంతానికి తీసుకువెళ్లే కరెంటుపై క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి ఉండదు. ఈ సర్‌చార్జి అంటే ఏమిటో పాఠకులు గమనించాలి. పెద్ద వినియోగదారు పంపిణీ సంస్థను వదిలి బయట కరెంటు కొనుక్కుంటే, పేదల ఇళ్లకూ వ్యవసాయానికీ తక్కువ ధరకు ఇచ్చే కరెంటు భారంలో తన వంతు చెల్లించి వెళ్లాలన్నది దాని ఉద్దేశం. యజమాని అయినవాడికి ఆ వంతు మాఫీ. యాజమాన్యం ఉన్నచోట చౌక కరెంటూ ఉంటుంది, సామాజిక బాధ్యత నుంచి మినహాయింపూ ఉంటుంది. యాజమాన్యం లేనివాడు దయ మీద ఆధారపడాలి.

ఆ దయ ఏ రూపంలో వచ్చిందో కూడా చెప్పుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం వచ్చాక దళిత, గిరిజన ఇళ్లకు నెలకు 50 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో అది అంచెలుగా పెరిగి 2019లో 200 యూనిట్లకు చేరింది. దాని విలువను నేను తక్కువ చేయను. కిరోసిన్ దీపం పొగలో చదివినవాడికి బల్బు వెలుగు ఎంత విలువైనదో తెలుసు. కానీ ఉపప్రణాళిక నిధి వినియోగదారు బిల్లుగా పంపిణీ సంస్థకు చేరి అక్కడితో కరిగిపోతుంది. మరుసటి నెల మళ్లీ అంతే. పదేళ్లు గడిచినా ఆ డబ్బుతో దళితుల పేర ఒక్క మెగావాటు సొంత ఆస్తిగా మిగలదు. ఒకరికి షేరు ద్వారా కరెంటు అందుతోంది, మరొకరికి పథకం ద్వారా. షేరును వారసులకు రాయవచ్చు. పథకాన్ని తరువాతి ప్రభుత్వం రాయనూ వచ్చు, కొట్టివేయనూ వచ్చు.

గ్యాసు దిగువన కరెంటు ఉంటే, ఎగువన పల్లెలున్నాయి. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి బద్దలై 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా మరణించారు. ఆ గొట్టంలోని గ్యాసు వెళుతున్నది కొండపల్లి వద్ద ఉన్న ఒక ప్రైవేటు విద్యుత్ కేంద్రానికి. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే కాలిపోయారు. కొబ్బరిచెట్లు మాడి నిలబడిన ఆ ఫొటోలు మన పత్రికల్లో కొన్ని రోజులు కనిపించి మాయమయ్యాయి. ఆ కరెంటుతో నడిచే కొలిమిలో గాని, ఆ కరెంటుకు వచ్చిన లాభంలో గాని నగరం గ్రామానికి వాటా లేదు. ప్రమాదంలో మాత్రం పూర్తి వాటా ఉంది.

చట్టం కూడా ఈ పల్లెలను మరిచింది. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధులను ఏర్పాటు చేశారు. బొగ్గు, ఇనుము, బాక్సైటు తవ్వే జిల్లాల్లో గని కంపెనీలు రాయల్టీకి తోడు మరికొంత ఆ నిధికి చెల్లించాలి. దానిని గనుల ప్రభావిత గ్రామాలకు ఖర్చుచేయాలి. సహజవాయువు ఆ చట్టం కిందికి రాదు. దానిది 1948 నాటి చమురు క్షేత్రాల చట్టం. నేల మీద తీసే గ్యాసుకు రాయల్టీ రాష్ట్ర ఖజానాకు చేరుతుందే తప్ప, బావి పక్కన ఉన్న పేటకు చేరాలన్న నిబంధన లేదు. సింగరేణి పల్లెకు కాగితం మీదైనా ఉన్న హక్కు కోనసీమ పల్లెకు లేదు. కారణం ఒక్కటే, ఒకరి కాళ్ల కింద ఉన్నది ఘనపదార్థం, మరొకరి కాళ్ల కింద ఉన్నది వాయువు.

ఇంతా చేసి ఆ గ్యాసు నిలిచిందా అంటే అదీ లేదు. 2009లో కేజీ డీ6 క్షేత్రం నుంచి గ్యాసు రాగానే కేంద్రాలు కట్టడానికి పోటీలు పడ్డారు. రెండు మూడేళ్లలోనే ఉత్పత్తి పడిపోయింది. 2013 నాటికి విద్యుత్ కేంద్రాలకు ఆ గ్యాసు అందడం ఆగింది. దేశంలో 14,305 మెగావాట్ల గ్యాసు కేంద్రాలు ఇంధనం లేక చిక్కుకుపోయాయని పార్లమెంటు ఇంధన స్థాయీ సంఘం 2019లో నివేదించింది. వాటికి రుణాలిచ్చిన వాటిలో ప్రభుత్వరంగ బ్యాంకులే ఎక్కువ. లాభం వచ్చేటప్పుడు అది మూలధనం ప్రతిభ. నష్టం వచ్చేటప్పుడు అది ప్రజల డిపాజిట్ల భారం. ఆ కేంద్రాలు మూతపడిన రోజున గేటు పాసుల వారికి నోటీసు కూడా అందదు, ఎందుకంటే వారు ఆ కేంద్రం మనుషులుగా ఎన్నడూ నమోదు కాలేదు.

2022 మే నెలలో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో మంత్రి, శాసనసభ్యుల ఇళ్లకు నిప్పు పెట్టారు. పాశర్లపూడి, నగరం ఉన్నది ఆ జిల్లాలోనే. అంబేడ్కర్‌కు కోనసీమతో ఏమి సంబంధమని అప్పుడు చాలామంది అడిగారు. వారి ఇళ్లలో వెలిగే దీపమే ఒక జవాబు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా ఆయన చేతిలో విద్యుత్తు, నీటిపారుదల అంశాలు కూడా ఉండేవి. 1943 అక్టోబరు 25న విద్యుత్ అభివృద్ధి విధాన సంఘం ముందు ఆయన చేసిన ప్రసంగాన్ని మన విద్యార్థులు తప్పక చదవాలి. విద్యుత్తు ప్రైవేటు చేతుల్లో ఉండాలా, రాజ్యం చేతిలో ఉండాలా అన్న ప్రశ్నను ఆయన అక్కడ సూటిగా లేవనెత్తారు. చౌకగా, సమృద్ధిగా కరెంటు లేనిదే పారిశ్రామికీకరణ లేదని, పారిశ్రామికీకరణ లేనిదే భూమి మీద కిక్కిరిసిన జనానికి పేదరికం నుంచి విముక్తి లేదని ఆయన వాదన. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ మండలి ఏర్పాటు వెనుక ఆయన శాఖ కృషి ఉంది. 1947లో ‘రాజ్యాలు, మైనారిటీలు’లో కీలక పరిశ్రమలు రాజ్యం యాజమాన్యంలోనే ఉండాలని, ఆ నిబంధన రాజ్యాంగంలోనే ఉండాలని ప్రతిపాదించారు.

ఆ ప్రసంగం చదివినప్పుడల్లా నాకు నాన్న గుర్తుకొస్తాడు. అంబేడ్కర్ చెప్పినదానిలో సగం మా ఇంట్లో నిజమైంది. ప్లాంటు కూలీ మా ఇంటికి వచ్చిన మొదటి నగదు కూలీ. దానితోనే నేను హాస్టలుకు వెళ్లాను. అంతకుముందు మా తాతకు కూలి ధాన్యంగా కొలిచేవారు, అదీ కామందు మనసైనప్పుడు. పరిశ్రమ వద్దని, గ్యాసు కేంద్రాలు వద్దని, ఊళ్లు ఊళ్లుగానే ఉండాలని చెప్పే పర్యావరణ కవిత్వం నాకు రుచించదు. ఊరు ఊరుగానే ఉంటే పేట పేటగానే ఉంటుంది. కానీ రెండో సగం నిజం కాలేదు. పారిశ్రామికీకరణ విముక్తి కావాలంటే యాజమాన్యం సామాజికం కావాలన్నది ఆయన షరతు. మనం పరిశ్రమను తీసుకున్నాం, షరతును వదిలేశాం. ప్రభుత్వ వాటా పలచబడిన చోట రిజర్వేషన్లూ పలచబడ్డాయి. పర్మినెంటు ఉద్యోగాలు తగ్గిన చోట గేటు పాసులు పెరిగాయి. చదువుకున్న కులాలు కంట్రోల్ రూములోకి వెళ్లాయి, చదువు అందని కులాలు బాయిలర్ కిందికి వెళ్లాయి.

కాబట్టి ఇప్పుడు అడగవలసినవి అడుగుదాం. మొదటిది, ఉపప్రణాళిక నిధులలో కొంత భాగాన్ని బిల్లులకు కాక యాజమాన్యానికి వెచ్చించాలి. 26 శాతం వాటాతో పరిశ్రమలు ఒక విద్యుత్ కేంద్రానికి యజమానులు కాగలిగినప్పుడు, ఎస్సీ, ఎస్టీ, మత్స్యకార సహకార సంఘాలు ఎందుకు కాకూడదు? సౌర, పవన కేంద్రాల కోసం వేల ఎకరాలు కేటాయిస్తున్న ఈ దశలోనే ఆ వాటా రాయించుకోవాలి. ఎస్సీ, ఎస్టీ ఇళ్ల కప్పులపై ఉచితంగా రెండు కిలోవాట్ల సౌర పలకలు పెడతామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది, మంచిదే. అయితే కప్పే లేని ఇంటికి, పట్టాయే లేని స్థలానికి ఆ పలక ఎలా చేరుతుందో కూడా చెప్పాలి.

రెండోది, ప్రతి గేటు పాసు మీద ప్రధాన యజమాని పేరు ఉండాలి. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం, కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే చెల్లించవలసిన బాధ్యతను ప్రధాన యజమాని మీద పెట్టింది. ఆ బాధ్యత అట్టముక్క మీదకు రావాలంటే అచ్చు ఖర్చు తప్ప మరేమీ కాదు. మూడోది, గ్యాసు రాయల్టీలో నిర్ణీత భాగం బావుల, పైపులైన్ల పక్కన ఉన్న పల్లెలకు చట్టబద్ధంగా దక్కాలి. నాలుగోది, విద్యుత్ రంగంలో కాంట్రాక్టు కార్మికులు ఎవరు, పర్మినెంటు ఉద్యోగులు ఎవరు, వాటాదారులు ఎవరు అన్న లెక్కలను సామాజిక వర్గాల వారీగా బయటపెట్టాలి. కులగణన గురించి ఇంత చర్చ జరుగుతున్న కాలంలో తలల లెక్క ఒక్కటే సరిపోదు. ఆస్తుల లెక్క కూడా తేలాలి.

ఈ కోరికలు చిన్నవని కొందరు మిత్రులు అంటారు. భూమి పంపకం జరగని దేశంలో షేర్ల పంపకం ఏమి జరుగుతుందని నిట్టూరుస్తారు. భూమి విషయంలో మనం ఆలస్యంగా మేల్కొన్నాం. కాలువ తవ్వేటప్పుడు మన పూర్వీకులు గంపలు మోశారు. ఆయకట్టు రాసేటప్పుడు వారిని ఎవరూ పిలవలేదు. గ్యాసు కేంద్రాలు కట్టేటప్పుడు మా నాన్నలు గొట్టాలకు దూది చుట్టారు. షేర్లు రాసేటప్పుడు వారిని ఎవరూ పిలవలేదు. మూడోసారి ఎండ నుంచీ గాలి నుంచీ కరెంటు తీయబోతున్నారు. ఆ కాగితాలు రాస్తున్న బల్ల దగ్గరికి ఈసారి పిలుపు కోసం ఎదురుచూడకుండా మనమే వెళ్లాలి.

నాన్న పోయాక ఆ ట్రంకుపెట్టె నా దగ్గరికి వచ్చింది. వనరుల పాఠం మొదలుపెట్టే రోజున ఆ గేటు పాసును తరగతికి తీసుకువెళ్లి విద్యార్థుల చేతికిస్తాను. అందులో ఏమి లేదో చెప్పమంటాను. మొదట ఫొటో లేదంటారు, తేదీ చెరిగిపోయిందంటారు. చివరికి ఎవరో ఒకరు, తరచుగా పేట నుంచి వచ్చిన అమ్మాయో అబ్బాయో, ‘కంపెనీ పేరు లేదు సార్’ అంటారు. ఆ మాటతో పాఠం మొదలవుతుంది.